పదిహేను వేల దగ్గర కోత

హర్ష ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టలేదు, విసిరాడు. మాధవ విప్పి పెట్టుకున్న ఆంప్లిఫయర్ మరలు నాలుగు దిక్కులకూ దొర్లిపోయాయి.

"చూడు మాధవన్నా. ఇది అసలా, డూప్లికేటా? ఒక్క మాటలో చెప్పు."

మాధవకు నలభై నాలుగేళ్లు. బళ్ళారి బ్రూస్‌పేటలో ఇరవై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తున్నాడు. నాలుగైదేళ్ల నుంచి ఇంకో పని కూడా వచ్చి పడింది. ఖరీదైన స్పీకర్లు పెట్టుకున్న డాక్టర్లు, గనుల వాళ్లు, కాలేజీ లెక్చరర్లు నెట్‌లో హై రిజల్యూషన్ పాటలు కొంటున్నారు. సీడీ కంటే ఎన్నో రెట్లు మేలైనవని అమ్మేవాళ్లు చెబుతారు. వాటిలో కొన్ని నిజంగానే పాత టేపుల నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎక్కించినవి. కొన్ని మాత్రం సెల్‌ఫోన్లలో తిరిగే ఎంపీత్రీ పాటనే తెచ్చి పెద్ద ఫైల్లో పోసినవి, అర శేరు పాలు బిందెలో పోసి నీళ్లతో నింపినట్టు. చెవికి తేడా తెలియడం కష్టం. మాధవ వాటిని కంప్యూటర్ తెర మీద బొమ్మగా పరిచి చూసేవాడు. బొమ్మలో అడుగున బరువు శబ్దాలు, పైకి పోయేకొద్దీ సన్న శబ్దాలు. ఎంపీత్రీ నుంచి చేసినదైతే ఆ బొమ్మ పైభాగం కత్తితో కోసినట్టు ఒకచోట ఆగిపోతుంది. ఆ పైన అంతా నలుపే.

హర్షకు ముప్పై ఏళ్లు. తెక్కలకోట దగ్గర భూములు, రోడ్డు మీద ఖనిజం లారీలు ఉన్న కుటుంబం. కిందటేడు దారివ్వలేదని ఒక టిప్పర్ డ్రైవర్ పళ్లు రాలగొట్టాడని బజారంతా తెలుసు. ఈమధ్యే ఇంట్లో పాటల కోసమని ఒక గది కట్టించాడు. ఆ గదికి స్పీకర్లు బిగించింది మాధవే.

"నిన్న బెంగళూరు నుంచి దోస్తులు వచ్చినారు," అన్నాడు హర్ష. "సుంకలమ్మ పాట పెట్టినా. మా చేన్లో కలుపు తీస్తా పాడిన పాట ఇది, హై రిజల్యూషన్‌లో వినండ్రా అన్యా. వాండ్లలో ఒకడు ఫోన్లో ఏందో తీసి చూసి నగినాడన్నా. ఎంపీత్రీకి పట్టుచీర కట్టి తెచ్చినావా హర్షా అన్యాడు. పది మంది ముందర."

సుంకలమ్మ తెక్కలకోట కూలీ మనిషి. పోయి పన్నెండేళ్లయింది. ముప్పై ఏళ్ల కిందట ఆమె పాటలను టేపు మీద పట్టుకున్నవాడు వెంకటరామి ఒక్కడే. ఇప్పుడు ఆ పాటలనే నెట్‌లో పెట్టి అమ్ముతున్నాడు. హర్ష కొన్నది వాటినే.

మాధవ మొదటి పాటను తెర మీద పరిచాడు. పదిహేను వేల హెర్ట్జ్ దగ్గర బొమ్మ తెగిపోయి ఉంది. కోత ఎంత సాఫుగా ఉందంటే గోటితో గీసినట్టుంది.

అంతటితో చెప్పేయకూడదని అతనికి తెలుసు. ఆ కోతకు కింద ఉన్న భాగాన్ని పెద్దది చేసి చూడాలి. ఎంపీత్రీ చేసేటప్పుడు యంత్రం చిన్న చిన్న శబ్దాలను అక్కర్లేదని పారేస్తుంది కాబట్టి, అక్కడ చెదలు తిన్న కాగితంలా నల్లటి ఖాళీ గళ్లు కనిపిస్తాయి. గళ్లు ఉంటేనే నకిలీ అనాలి. అదీ కాకపోతే పాట రికార్డు చేసినవాణ్ణి ఒక మాట అడగాలి. పాటకు పది నిమిషాలు పడుతుంది. కానీ హర్ష బల్ల మీద వేళ్లతో కొడుతున్నాడు. డ్రైవర్ హులిగేశ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వీటన్నిటికంటే, మాధవ ఒక్క చూపులో చెప్పేస్తాడన్న పేరు మాధవకు ఇష్టం.

"డూప్లికేటే హర్షప్పా. పదహైదు వేల కాడ కోసేసుండాది. ఎంపీత్రీ నుంచి చేసినారు."

"లెయ్యి. ఆ మాట వాని మొగం మీద చెబుదువు."

జీపు కంటోన్మెంట్ వైపు పోతుంటే మాధవ అన్నాడు, "గలాటా ఏం వద్దప్పా. తప్పు ఒప్పుకోమందాం, దుడ్డు వాపసు ఇమ్మందాం."

"దుడ్డుదేముందన్నా," అన్నాడు హర్ష అద్దంలోంచి బయటికి చూస్తూ. "నా మొగం పోయింది."

వెంకటరామి కంటోన్మెంట్‌లో ఒక పాత పెంకుటింటి ముందుగదిలో ఉండేవాడు. అరవై ఐదేళ్లు, బక్కపలచటి మనిషి. బనీనుతో టేపు మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. వెనక గోడకు ఇనుప అర, దాని నిండా టేపు చుట్టల డబ్బాలు, ఒక్కొక్క డబ్బా మీద ఊరిపేరు, తారీకు. హర్షను చూసి లేచి నిలబడ్డాడు.

"రాండప్పా, రాండి. సుంకలమ్మ పాటలు తీసుకునింది మీరే గదా? ఆయమ్మ గొంతు ఎట్లుండాది?"

హులిగేశ్ లోపలికి వచ్చి తలుపు గడియ వేశాడు. ఆ చప్పుడుకు వెంకటరామి ముఖంలో నవ్వు సగంలో ఆగింది.

"చెప్పన్నా," అన్నాడు హర్ష.

మాధవ చెప్పాడు. ఫైలు పదిహేను వేల దగ్గర తెగి ఉందని, అది టేపు నుంచి ఎక్కించింది కాదని, ఎంపీత్రీ అని. చెబుతున్నంతసేపూ నేల చూశాడు.

వెంకటరామి భయపడలేదు. పని తెలిసిన మనిషి దొరికాడన్నట్టు మళ్లీ కుర్చీలో కూర్చుని ముందుకు వంగాడు.

"నువ్వు చూసింది నిజమే సామీ. ఆడ కోసింది నేనే. ఆ దినం హెడ్మాస్టరింట్లో రికార్డు చేస్తిమి. పక్క రూములో టీవీ పెట్టినారు, ఆపమంటే ఆపల్య. ఆ టీవీ కూత—"

"టీవీనా?" హర్ష ఒక అడుగు వేశాడు. "నాకే కతలు చెప్తావా?"

టీవీ అన్న మాట వినగానే మాధవకు అంతా అర్థమైంది. పాత డబ్బా టీవీలన్నీ ఆన్ చేసి ఉన్నంతసేపూ సన్నగా కూస్తాయి. ఆ కూత పదిహేను వేల ఆరువందల చిల్లర దగ్గర ఉంటుంది. ముసలివాళ్లకు వినపడదు, చిన్నపిల్లల చెవులు గీరుకుపోతాయి. దాన్ని తీసేయడానికి ఈ మనిషి పదిహేను వేల పైన ఉన్నదంతా కోసేశాడు. టేపు అసలుదే. ఎక్కించడమూ నిజాయితీగానే ఎక్కించాడు. ఆగు హర్షప్పా అనడానికి చాలినంత సమయం ఉంది. హర్ష ఇంకా రెండో అడుగు వేయలేదు. మాధవ నోరు తెరిచాడు. మాట రాలేదు.

హర్ష అరచెయ్యి వెంకటరామి ఎడమ చెవి మీద పడింది.

ముసలాయన కుర్చీతో సహా పక్కకు పడిపోయాడు. లేవబోతే హర్ష డొక్కలో తన్నాడు. మూల నిలబెట్టిన మైకు స్టాండు అందుకుని దాని ఇనుప కాడతో వీపు మీద, భుజం మీద కొట్టాడు. వెంకటరామి అరవలేదు. రెండు చేతులతో తల కప్పుకుని, "ఇనండప్పా... ఒక్క మాట ఇనండి..." అంటూనే ఉన్నాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారి బనీను మెడ తడిసింది. అయిదో దెబ్బకో ఆరో దెబ్బకో మాధవ గొంతు పెగిలింది.

"హర్షప్పా, చాలు. ఆయప్ప చెప్పేది—"

"నువ్వే గదా చెప్పిండేది!" హర్ష స్టాండు పైకెత్తి అతని వైపు తిరిగాడు. మాధవ గోడకు అంటుకుపోయాడు.

తర్వాత హర్ష చూపు అర మీద పడింది. తెక్కలకోట పేరున్న డబ్బాలు రెండు కిందికి లాగి, లోపలి చుట్టలను బూటుకాలితో తొక్కాడు. గోధుమరంగు టేపు పేగుల్లా బయటపడింది. హులిగేశ్ దాన్ని గుప్పిళ్లతో లాగి తెంపుతుంటే వెంకటరామి మొట్టమొదటిసారి గట్టిగా అరిచాడు. తనను కొట్టినప్పుడు అరవనివాడు దానికి అరిచాడు. పాకుతూ వచ్చి హర్ష కాలు పట్టుకున్నాడు. హర్ష ఆ కాలు విదిలించిన విదిలింపుకు ముసలాయన నోరు బల్ల కోడుకు తగిలి పన్ను ఒకటి ఊడి నేల మీద పడింది. చివరికి హర్ష టేపు మిషన్‌ను రెండు చేతులా ఎత్తి గచ్చు మీద వేశాడు.

అప్పుడే బయట ఎవరో తలుపు బాదారు. వెంకటరామి కూతురు అక్షత, పక్క వీధి బడిలో టీచరు, సాయంత్రం బడి వదిలి వచ్చింది. హులిగేశ్ గడియ తీసి ఆమెను పక్కకు తోశాడు. ఆమె నుదురు ద్వారబంధానికి కొట్టుకుని కాసేపు ఏమీ కనపడలేదు, వినపడలేదు. హర్ష ఆమెను దాటుకుని పోతూ, "రా అన్నా," అన్నాడు మాధవతో.

మాధవ కదల్లేదు. జీపు వెళ్లిపోయింది.

అతను, అక్షత కలిసి వెంకటరామిని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఎడమ చెవి కర్ణభేరి చినిగింది, ఆ చెవి మళ్లీ వినపడకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అక్షత నుదుటికి గుడ్డ ఒత్తుకుంటూ మాధవను అడిగింది, "మీరెవరన్నా?"

"బ్రూస్‌పేటలో... ఆంప్లిఫయర్ రిపేరి."

"దేవుని మాదిరి వచ్చినారన్నా. మీరు లేకుంటే మా నాయన్ని చంపేసుండేవాండ్లు."

మాధవ మందుల చీటీ తీసుకుని కిందికి దిగాడు.

మరునాడు పొద్దున అంగడి తెరిచి, హర్ష వదిలిపోయిన ల్యాప్‌టాప్‌లో ఆ పాటలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ముందురోజు చేయాల్సిన పనిని చేశాడు. కోతకు కింద ఉన్న భాగాన్ని పెద్దది చేశాడు. గళ్లు లేవు. ఒక్క పాటలో కూడా లేవు. సుంకలమ్మ ఊపిరి తీసుకునే సందుల్లో కూడా టేపు తిరిగేటప్పుడు వచ్చే సన్నటి బుస కోత గీత దాకా నిండుగా, ఎక్కడా చిల్లు పడకుండా ఉంది. అంత కోసిన పాటను హై రిజల్యూషన్ అనవచ్చునా అని కావాలంటే వాదించుకోవచ్చు. మోసం మాత్రం కాదు. పాటలు అమ్మిన పేజీ కూడా తెరిచి చూశాడు. అట్టడుగున కన్నడంలో, ఇంగ్లీషులో రెండు వాక్యాలున్నాయి. పక్క గదిలోని టీవీ శబ్దం తీసేయడానికి పదిహేను వేల పైభాగం తొలగించామని, వినేవాళ్లు మన్నించాలని. కొన్న హర్ష చదవలేదు. తీర్పు చెప్పిన మాధవా చదవలేదు. టేపులు ఇప్పుడు లేవు. సుంకలమ్మ గొంతుకు మిగిలినవి ఈ ఫైళ్లే.

పదకొండు గంటలకు జీపు వచ్చి ఆగింది. హర్ష చేతిలో తెల్లకాగితం ఉంది.

"అన్నా, ఆ పిల్ల కంప్లయింట్ ఇచ్చిందంట. వకీలు ఒక కాయితం కావాలంటాండాడు. పాటలు డూప్లికేట్ అని రాసి సంతకం పెట్టు. మోసం చేసినాడు, అడగబోతే వాడే నా మీదికి వచ్చినాడు అని మేం చెప్పుకుంటాం."

"డూప్లికేట్ కాదు హర్షప్పా."

"ఏంది?"

"నేను తప్పు చూసినా. ఆయప్ప చెప్పిందే నిజం. అసలువే అవి."

హర్ష హులిగేశ్ వైపు తల ఊపాడు. షట్టరు మోకాళ్ల ఎత్తుదాకా దిగింది. అంగడిలో ట్యూబులైటు వెలుగు ఒక్కటే మిగిలింది.

"నిన్న డూప్లికేట్, ఇయ్యాల అసలా? నా చేతుల్తో ఒక ముసలోన్ని కొట్టిచ్చి ఇప్పుడు మాట మారుస్తావా?"

హులిగేశ్ అతని మెడ వెనక పట్టుకుని బల్ల మీదికి వంచాడు. కుడిచెయ్యి లాగి బల్ల మీద చాపించాడు. హర్ష చుట్టూ చూసి, ఆంప్లిఫయర్‌లోంచి తీసి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అందుకున్నాడు. అయిదు కిలోల ఇనుప దిమ్మ.

"మల్లా చూసి చెప్పు. అసలా, డూప్లికేటా?"

"అసలే."

దిమ్మ చిటికెన వేలు, ఉంగరపు వేలు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మాధవకు స్పష్టంగా వినిపించింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. అరుపు తనదేనని కూడా అతనికి వెంటనే తెలియలేదు.

"అసలా, డూప్లికేటా?"

"కాళ్లు మొక్కుతా హర్షప్పా... అసలే. అసలే అది."

రెండోసారి అరచెయ్యి మీద పడింది. మాధవ మోకాళ్లు వంగిపోయాయి. హులిగేశ్ మెడ పట్టి పైకి లేపాడు. బల్ల మీది రక్తం తెల్లకాగితం అంచుకు పాకింది. హర్ష ఆ కాగితాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, మళ్లీ దిమ్మ ఎత్తాడు.

"ఇదే ఆఖరు. నాకు సంతకం పెట్టను ఎడమచెయ్యి చాలు. చెప్పు."

మాధవ కళ్లు మూసుకున్నాడు. నిన్నటి గది కనిపించింది. "అసలే," అన్నాడు.

మూడో దెబ్బ పడుతుండగా షట్టరు కింద ఎవరో వంగి చూశారు. పక్కన గాజులు అమ్మే సిద్దక్క. ఆమె ఒక్కసారిగా రోడ్డు మీదికి తిరిగి, "కొల్తారల్రీ! మాధవణ్ణన్న కొల్తారె, బర్రీ!" అని కన్నడంలో కేక పెట్టింది. చంపేస్తున్నారన్న ఆ కేకకు స్టాండులోని ఆటోవాళ్లు పరుగెత్తుకొచ్చి షట్టరు ఎత్తారు. హులిగేశ్ వాళ్ల చేతుల కిందుగా దూరి పారిపోయాడు. హర్ష పారిపోలేదు. దిమ్మ కింద పడేసి, జుట్టు సర్దుకుని, జీపు వైపు నడిచాడు.

మాధవ చేతిని చూసినవాళ్లు హర్షను పోనివ్వలేదు. ఎవరో కాలరు పట్టి లాగారు. ఎవరో రాయితో జీపు అద్దం పగలగొట్టారు. ఒక దెబ్బ పడేదాకానే ఎవరైనా వెనకాడేది. ఆ తర్వాత బజారంతా అతని మీద పడింది. చెప్పులు, పిడికిళ్లు, ఆటోల్లో సామాను కట్టే తాళ్లు. హర్ష రోడ్డు మీద దుమ్ములో బోర్లా పడి మోచేతుల్లో తల దాచుకున్నాడు.

"ఆపండప్పా!" మాధవ గుమ్మం పట్టుకుని నిలబడి అరిచాడు. "చాలు, చచ్చిపోతాడు, కొట్టొద్దండి!"

ఆ గొంతుకు బజారు ఆగింది. నిన్న గోడకు అంటుకుని ఉన్నప్పుడు రాని గొంతు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో మాధవకు తెలియలేదు. అది తలుచుకున్న కొద్దీ అతనికి సిగ్గేసింది.

చేతికి కట్టు కట్టించుకుని ఆ రోజే స్టేషన్‌కు పోయి వాంగ్మూలం ఇచ్చాడు. పాటలు అసలువని, నకిలీ అని తొందరపడి చెప్పింది తనేనని, తన మాట పట్టుకునే హర్ష కంటోన్మెంట్ పోయాడని చెప్పాడు. అక్షత బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. మాధవ సంతకానికి బదులు ఎడమచేతి వేలిముద్ర వేసి లేచేసరికి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"దేవుని మాదిరి అన్యా మిమ్మల్ని."

"అవునమ్మా."

ఆమె చెంప మీద కొట్టింది. కానిస్టేబుల్ అడ్డం రాబోతే మాధవే చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. రెండోసారి కొట్టబోయి, అతని కట్టు చూసి, చెయ్యి దించేసి వెళ్లిపోయింది.

హర్ష ఇరవై రెండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. హులిగేశ్ రాయచూరు వైపు దొరికాడు. కేసు కోర్టుకు వచ్చింది. మాధవ చేతికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. బొటనవేలు, చూపుడువేలు తప్ప మిగతావి వంగవు. చిన్న తీగలు అతికించే పని ఇక అతని వల్ల కాదు.

సాక్ష్యం చెప్పడానికి వారం ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం అతను కంటోన్మెంట్ పోయాడు. తలుపు తీసిన అక్షత అతన్ని చూసి తలుపు మూయబోయింది.

"ఎవరమ్మా?" లోపల్నుంచి వెంకటరామి.

"ఆయప్ప వచ్చినాడు నాయనా. పొమ్మంటాండా."

"రానీ. నా కుడిపక్క కూచోమను. ఈ పక్క వినపడదు."

మాధవ కుడిపక్కన స్టూలు మీద కూర్చున్నాడు. గది ఊడ్చి శుభ్రంగా ఉంది. అరలో రెండు డబ్బాల జాగా ఖాళీగా ఉంది. వెంకటరామి అతని చెయ్యి తీసుకుని వంగని వేళ్లను ఒక్కొక్కటే తాకి చూసి వదిలేశాడు.

"ఒకటి అడుగుతా. సత్తెంగా చెప్పు," అన్నాడు. "ఆ దినం నన్ను ఎన్ని దెబ్బలు కొట్టినంక నీకు అర్థమయింది, నాది మోసం కాదని?"

అక్షత వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. పోలీసులు ఆ ప్రశ్న అడగలేదు. వకీలూ అడగలేదు. మరునాడు ఫైళ్లు చూశాక తెలిసిందని మాధవ అందరికీ చెప్పుకున్నాడు. వాళ్లంతా నమ్మారు.

"మొదటి దెబ్బ పడకముందే," అన్నాడు. "నువ్వు టీవీ అన్యావు చూడు, అప్పుడే. చెప్పను టయిం కూడా ఉండ్య. భయపడితి."

వెంకటరామి లేచి అరలోని ఖాళీ జాగాను గుడ్డతో తుడిచాడు. అక్షత ముఖం చూసే ధైర్యం మాధవకు లేకపోయింది.

"సరే," అన్నాడు చివరికి ముసలాయన. "కోర్టులో ఇదిగూడ చెప్పు. ఇంక పో."

మాధవ లేచాడు. వారం తర్వాత కోర్టులో బోను ఎక్కినప్పుడు, ఎవరూ అడగకముందే, ఆ మాటే మొదట చెప్పాడు.